రాగి తూటా, క్యారమ్స్ స్ట్రైకర్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (తెలియనివన్నీ ఇప్పుడు బయటపడుతున్నాయి, ఒక్కొక్కటే డైరీకెక్కిస్తున్నాను.) కంగారూల దేశానికి చదువుకొచ్చి, టూవూంబాలో యూనివర్సిటీకి వెళ్తూ, ఊరి బయట ఒక రైతు ఇంట్లో నేనూ, గుంటూరు మిత్రుడూ అద్దెకుండేవాళ్లం. ఆయన్ని అంకుల్ అని పిలిస్తే, మొదట్లో ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూసేవాడు. పంట పాడుచేసే అడవిపందుల్ని కాల్చి కళేబరాలను అక్కడే వదిలేసేవాడు. వాటిని తినే గద్దల జంట ఒకటి పొలం చివరి చెట్టు మీద గూడు కట్టుకుంది. ఆ జంటంటే ఆయనకు ప్రాణం.

ఒకనాడు ఆడగద్ద ఎగరలేక కంచె పక్కన కూలబడింది. పశువైద్యుడు చూసి, ఒంట్లో సీసం చేరిందన్నాడు. సీసపు తూటా పంది మాంసంలో ముక్కలుగా చిట్లుతుంది; వాటినే గద్ద మింగిందట. అంకుల్ ఆ సాయంత్రం భోజనం ముట్టలేదు. మర్నాడే, చిట్లని రాగి తూటాలు తెచ్చి, అట్ట మీద గీసిన వృత్తానికి గురిపెట్టాడు. మూడు పేలిస్తే మూడూ తప్పాయి. పంది గాయంతో పారిపోతే అది ఇంకా పాపమనీ, మళ్లీ సీసమే వాడతాననీ దిగులుగా తుపాకీ దించాడు.

నేను వెళ్లి అట్ట చూశాను. మూడు చిల్లులూ వృత్తానికి ఎడమవైపు కింద, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

"మీ గురి తప్పలేదంకుల్. తుపాకీకే కొత్త తూటా అలవాటు కాలేదు."

"నువ్వెప్పుడైనా తుపాకీ పట్టావా, మేట్?"

"లేదు. క్యారమ్స్ ఆడాను."

మిత్రుడు నా చొక్కా లాగాడు. "ఒరేయ్, ఊరుకోరా. ఉన్న గది కాస్తా పోద్ది."

హాస్టల్లో స్ట్రైకర్ మారితే ముందు నాలుగు దెబ్బలు ఊరికే కొట్టి, దాని బరువుకు తగ్గట్టు చెయ్యి సర్దుకునేవాళ్లం. స్ట్రైకర్‌ను తిట్టేవాళ్లం కాదు. అదంతా గాలిలో వేలితో కొట్టి చూపించాను (బోరిక్ పౌడర్ చల్లడంతో సహా). అంకుల్ తుపాకీ మీది దుర్భిణికి గురి సర్దే మరలు రెండూ కొంచెం తిప్పాడు. పేల్చాడు. వృత్తం నడిమధ్య చిల్లు. రెండోది దాని పక్కనే. ఆయన తన టోపీ తీసి నా తల మీద పెట్టాడు. అది ముక్కు దాకా దిగింది.

ఆ తర్వాత చుట్టుపక్కల రైతులూ రాగి తూటాలకు మారారు. తుపాకీ ముట్టని నేను వాళ్లందరికీ సలహాదారుణ్ణయ్యాను. పశువైద్యుడి దగ్గర కోలుకున్న గద్దను అంకుల్ స్వయంగా వదిలిపెట్టాడు. అది తిన్నగా తన చెట్టు మీదికే వెళ్లింది.

ఇప్పుడు ఈ దేశంలోనే క్వేకర్స్ హిల్‌లో స్థిరపడి, మనవరాలితో క్యారమ్స్ ఆడుతున్నాను. నా దెబ్బ ప్రతిసారీ రెడ్‌కు ఎడమగా పోతుంది.

"తాతా, యూ ఆల్వేస్ మిస్ టు ద లెఫ్ట్," అంటుంది.

గురి తప్పలేదమ్మా అని చెబుతాను. తిప్పుకుందామంటే నాకే మరలు లేవు.