అధ్యక్షుడి పద్ధతిలో ఒక ఉత్తరం

ప్రేమలేఖ రాసి చెంపదెబ్బ తిన్నవాళ్లు ఉంటారు. రాసి, పెళ్లాడి, ఆ దెబ్బలు వాయిదాల మీద తింటున్నవాళ్లూ ఉంటారు. ప్రేమలేఖ మీద ఆఫీసు ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నవాణ్ణి మాత్రం బహుశా నేనొక్కణ్ణే. ఆ విపత్తు ఎలా జరిగిందో చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి, నాకు అలవాటే. అయితే నేరమంతా నాది కాదని ముందే మనవి చేసుకుంటున్నాను. సగం వాటా అమెరికా అధ్యక్షులది.

అప్పట్లో నేను ఫిలింనగర్‌లో ఒక మాటల రచయిత దగ్గర సహాయకుణ్ణి. ఆయన్ని అందరం గురువుగారు అనేవాళ్లం. మా కథలో హీరో వాషింగ్టన్ వెళ్లి అమెరికాని కాపాడతాడు. (జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ దాటడానికే దేవుడి సాయం కావాలి మనకి. అమెరికా సంగతి సినిమాలోనే కుదురుతుంది.) అందుకు అధ్యక్షుడు హీరోకి కృతజ్ఞతగా ఉత్తరం రాయాలి.

"ఏమయ్యా శామ్యూలూ, అధ్యక్షుడి ఉత్తరం నువ్వు రాయి," అన్నారు గురువుగారు, ఇటుకంత లావు పుస్తకం నా ఒళ్లో పడేసి. అందులో అమెరికా అధ్యక్షులూ, నాయకులూ రాసిన ఉత్తరాలున్నాయి.

"నేను రాసినవన్నీ ప్రార్థన విన్నపాలేనండీ."

"ఇంకేం? పైవాడికే రాసినోడివి, అధ్యక్షుడొక లెక్కా?"

నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా నాకు ఉత్తరమంటే బైబిల్లో పౌలు రాసిన పత్రికే. కృపా సమాధానములు కలుగును గాక అని మొదలవ్వాలి, వందనాలతో ముగియాలి, చర్చి సంఘమంతా కూర్చుని వినాలి. ఈ పుస్తకం వేరే లోకం. గడ్డం పెంచితే బాగుంటావని సలహా ఇచ్చిన చిన్నపిల్లకి ఒకాయన ఓపిగ్గా జవాబు రాశాడు. ఆయనే కోపమొస్తే తిడుతూ నిండా రాసి, పంపకుండా సొరుగులో పడేశాడు. ఇంకొకాయన యుద్ధం మధ్యలో కూర్చుని భార్యకి రాశాడు. నా మనసు దోచినవి మాత్రం ఆఫీసు ఉత్తరాలు. పైనంతా టైపు: శాఖ, సూచిక, ధన్యవాదాలు. అట్టడుగున కలంతో గబగబా గీకిన ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యంలోనే మనిషి ఉండేవాడు.

నేను హీరోకి అచ్చం అలాగే రాశాను. గురువుగారు చదివి తొడ చరిచారు, తన తొడ కాదు, నాది.

"పైన ప్రభుత్వం, కింద మనిషి! పండిందయ్యా సీను!"

ఆ మాట నా తలకెక్కింది. ఆ వారం నేను విశ్వాసిని కాను, అధ్యక్షుణ్ణి.

ఇప్పుడు కెజియా గురించి చెప్పాలి.

షేక్‌పేటలో ఒక మేడ మీద హాలు మా సంఘం. కెజియా అక్కడ పాటలు నడిపించేది. మామూలు రోజుల్లో డబ్బింగ్ థియేటర్లో గుంపు గొంతులు చెప్పేది. తెర మీద జనం పరుగెడుతుంటే ఆ కేకల్లో ఒక కేక ఆమెది. ఏ సినిమాకి వెళ్లినా ఆ కేక ఏదో వెతుక్కుంటూ నేను కథ వదిలేసేవాణ్ణి.

ఒక ఆదివారం మెట్ల దగ్గర ఆమె చేతిలో ఒక కవరు కనబడితే, "ఎక్కణ్ణుంచండీ?" అనడిగాను. నాలుగేళ్ల పరిచయంలో నేను వేసిన అతి సాహసమైన ప్రశ్న అది.

"బ్యాంకు వాళ్లదండీ. ప్రియమైన కస్టమర్ అంట. ఇంతవరకూ నాకెవ్వరూ ఉత్తరం రాయలేదు తెలుసా? నా పేరుతో, నాకని."

అలా అని నవ్వి, వెళుతూ వెళుతూ, "నాన్నకి విశాఖ బదిలీ అయింది. ఈస్టరు అయ్యాక వెళ్లిపోతున్నాం," అంది.

నేను, మాటలు అమ్ముకుని బతికేవాణ్ణి, "ఓ, అలాగా అండీ" అన్నాను. అంతే అన్నాను.

ఇంటికెళ్లి కూర్చుని అధ్యక్షుడి పద్ధతిలో ఉత్తరం రాశాను. పైన టైపులో, "గాయక బృంద నాయకురాలు కుమారి కెజియా గారికి. పండుగ ఆరాధనలలో మీ బృందం అందించిన సేవలకు హృదయపూర్వక అభినందనలు." కింద చేతిరాతతో, "కెజియా గారూ, రెండో చరణం ముందు మీరు ఒక ఊపిరి తీసుకుంటారు. ఆ ఊపిరి కోసం నేను వారమంతా ఎదురుచూస్తాను. వెళ్లకండి."

వాళ్లింటికి పంపితే తండ్రి చేతిలో పడుతుందని, తెలివిగా సంఘం చిరునామాకి పోస్టు చేశాను. అవును, తెలివిగానే! సంఘం చిరునామాకి ఏ ఉత్తరం వచ్చినా మా కార్యదర్శి యాకోబు గారు కానుకల తర్వాత ప్రకటనల్లో చదివి వినిపిస్తారని నాకు తెలియదా? పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. కానీ అధ్యక్షులకి అవన్నీ గుర్తుండవు.

ఈస్టరు ఆదివారం. హాలు కిక్కిరిసి ఉంది. యాకోబు గారు లేచారు. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన షేక్‌పేట పెద్దమనిషి ఆయన. మైకు లేకపోయినా చెక్‌పోస్టు దాకా వినబడే గొంతు. ఆయన చేతిలో నా కవరు చూడగానే పాటల పుస్తకం వెనక తల దాచుకున్నాను.

పైభాగం చదివారు. జనం సంతోషంగా చప్పట్లు కొట్టారు. హమ్మయ్య, అయిపోయిందనుకున్నాను.

"జర ఆగుండ్రి. కింద చేతితోని ఏదో రాసిండు. అద్దాలు పెట్టుకోనియ్యండ్రి."

"పూర్తిగా చదవండి యాకోబు గారూ, పర్వాలేదు," అన్నారు పాస్టరు గారు ఉదారంగా.

చదివారు. కొరింథీ పత్రిక చదివే గొంతుతో, విరామాలు పాటిస్తూ, నా ఊపిరిని చదివారు. ముందు వరసలో చెవులు సరిగా వినబడని మార్తమ్మ గారు, "ఏటంటాడు? దేని కోసం ఎదురుచూస్తాడంట?" అనడిగారు.

"ఊపిరి కోసమమ్మా!" అని యాకోబు గారు మళ్లీ మొదటినుంచి, ఇంకా గట్టిగా చదివారు. "వెళ్లకండి" అన్న మాటతో ఆయన ఆగగానే, అలవాటు కొద్దీ, సంఘమంతా ఒక్క గొంతుతో అంది.

"ఆమెన్."

ఆరాధన అయ్యాక కెజియా నేరుగా యాకోబు గారి దగ్గరికి వెళ్లింది.

"అంకుల్, ఆ ఉత్తరం ఇవ్వండి. నా పేరు మీద వచ్చింది కదా."

"సంఘం అడ్రస్‌కు వచ్చింది బిడ్డా. ముద్ర కొట్టిన, ఇన్‌వర్డ్ నంబరేసిన. ఫైలుల ఉండాలె."

ఆమె తండ్రి నా భుజం మీద చెయ్యి వేశారు. నేను కళ్లు మూసుకున్నాను. "బాబూ, వారమంతా ఎదురుచూశావు సరే. నాలుగేళ్లలో ఒక్కసారి మా ఇంటికొచ్చి కాఫీ తాగలేకపోయావా? విశాఖలో ఒక సంబంధానికి మాట ఇచ్చేశామయ్యా." కోప్పడి ఉంటే బాగుండేది. జాలిపడ్డారు.

మెట్ల దగ్గర ఆమె ఆగింది. "బాగా రాశారండీ. అందరూ విన్నారు. నేనే చదువుకోలేదు," అంది.

"ఇంకొకటి రాయకపోయావా?" అని మీరడుగుతారు. చాలా రాశాను. పంపకుండా సొరుగులో పెట్టాను. ఆ పద్ధతి కోపంతో రాసిన ఉత్తరాలకని నాకు తట్టేసరికి విశాఖ నుంచి శుభలేఖ వచ్చింది. అదీ సంఘం చిరునామాకే. అదీ యాకోబు గారి గొంతులోనే విన్నాను. అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను. అన్నట్టు, సినిమాలో నా అధ్యక్షుడి ఉత్తరం ఎడిటింగులో ఎగిరిపోయింది.

ఈ ఏడాది యాకోబు గారు కార్యదర్శి పని మానుకుంటూ, ఆ బాధ్యత నా నెత్తిన పెట్టారు. దేవుడికి హాస్యం తెలియదని ఎవరన్నారు? ఫైళ్లు అప్పగిస్తుంటే నా చేతులు వాటంతటవే ఆ సంవత్సరానికి వెళ్లాయి. ఉత్తరం ఉంది. ముద్ర ఉంది, నంబరు ఉంది, హృదయపూర్వక అభినందనలు ఉన్నాయి. కింది భాగం లేదు.

"ఎలుకలు కొట్టాయా అండీ?"

"స్కేలు పెట్టి కొట్టే ఎలుకలు ఏడున్నయి శామ్యూలూ?" అన్నారాయన నా వైపు చూడకుండా. "పోయే ముందు దినం గా పిల్ల వచ్చింది. పైన రాసింది సంఘానిది, కింద రాసింది నాది అంకుల్ అన్నది. న్యాయమే గదా అనిపించింది. స్కేలు నేనే ఇచ్చిన."

"ఇన్నేళ్లూ నాకొక్క మాట చెప్పలేదేమండీ?"

"నువ్వు అడిగినవా? ఒక్క లెటర్ రాస్తే ప్రకటనలల్ల సదివి చెప్తుంటి గదా!"

స్కేలు కాస్త కిందికి జరిగినట్టుంది. నా చేతిరాతలోని ఆమె పేరులో 'జి' మీది గుడి మాత్రం సంఘం కాగితం అంచునే ఉండిపోయింది. మిగతా పేరు విశాఖ వెళ్లింది.

కాబట్టి ప్రియులారా, మీ అందరి ఎదుట, పూర్ణ మనసుతో, కార్యదర్శి హోదాలో ప్రమాణం చేస్తున్నాను. ఆఫీసు ఉత్తరం అడుగున ఇక జన్మలో మనసు విప్పను. చెప్పాల్సింది ఉంటే మెట్ల దగ్గరే నోటితో చెబుతాను. బలహీనుణ్ణి గనక ఒకవేళ మళ్లీ రాసినా, టైపుకీ చేతిరాతకీ మధ్య కాస్త ఎక్కువ చోటు వదులుతాను. ఈసారి పేరు మొత్తం తీసుకెళ్లడానికి వీలుగా ఉంటుంది.