మందను విడగట్టిన మూడు రోజులు

1949 డిసెంబరులో నన్ను మానుకోట పశువుల దవాఖాన నుంచి కురవి వైపున్న ఒక పోలీసు క్యాంపుకు పంపారు. నేను కాంపౌండరును. డాక్టరు లేనిచోట జబ్బు చూసి, మందిచ్చి, రిపోర్టు రాయడం నా పని. అంటురోగమని నేను రాస్తే, దాన్ని ఖాయం చేసేది మాత్రం వరంగల్లు డాక్టరే. కమ్యూనిస్టు దళాలకు అన్నం పెడుతున్నారని తండాలను ఖాళీ చేయించి, జనాన్ని రోడ్డు పక్కకు తెచ్చి పెట్టిన రోజులవి. వాళ్లు వెంట తెచ్చుకోగలిగిన ఆస్తి ఆవులే.

అక్కడి మందలో దూడలతో కలిపి పద్దెనిమిది పశువులు. అన్నీ దగ్గుతున్నాయి, ముక్కులు కారుతున్నాయి. అంటురోగమని అనుమానం వస్తే పశువును పశువుకు దూరంగా కట్టాలని మా నియమం. బీడులో పద్దెనిమిది గుంజలు పాతించి విడివిడిగా కట్టించాను. సాయంత్రం కర్ఫ్యూ కాబట్టి మేత పొద్దున జనానికి హాజరు వేసే వేళ వేయించాను. ఎంతో పద్ధతిగా చేశానని లోలోపల మురిసిపోయాను కూడా. మూడో రోజు తెల్లారేసరికి ఒక ఆవు చచ్చింది, రెండు లేవలేకపోయాయి. అంటురోగమని రాస్తే డాక్టరు తేల్చేదాకా మందనంతా కట్టడి చేస్తారు. జనాన్ని తండాకు పోనిచ్చినా వాళ్ల వెంట ఆవులు పోవు.

నేను అంటురోగమనే రిపోర్టు రాస్తుంటే, మందను కాసే సోనీబాయి అనే లంబాడా ముసలమ్మ వచ్చి నిలబడింది.

“దగ్గుడు చూసి రోగమంటివి. పొద్దుగాల నువ్వు గూడ దగ్గుతున్నవ్ గద సారూ, నిన్నేడ కట్టెయ్యాలె?” అంది.

నాకు ఒళ్లు మండింది. మరేం చేయాలో నువ్వే చెప్పమని కసిరాను.

“ఇడిసిపెట్టు. ఒకదానికొకటి ఆనుకొని పంటయి. చొప్ప పొద్దుగూకే ముంగట ఎయ్యి. కడుపుల మేతుంటే తెల్లారేదాంక నెమరేసుకుంట ఎచ్చగుంటయి. గాలి కొట్టే దిక్కు చొప్ప కట్టలు అడ్డం పెట్టాలె.”

క్యాంపు జమేదారు అడ్డు చెప్పాడు. చొప్పవాము వెనక మనుషులు దాక్కుంటారని పైనుంచి హుకుం ఉందన్నాడు. పండుకున్న ఆవుకు నడుమెత్తు అడ్డం చాలని, దాని వెనక ఎవరూ దాగలేరని ఆమె చెప్పింది. అతను కట్టలకూ, పొద్దుగూకే ముందు మేతకూ సరేనన్నాడు.

నేను రిపోర్టు ఆపి, ఆ సాయంత్రం చొప్ప వేయించి, కట్టలు అడ్డం పెట్టించి తాళ్లు విప్పించాను. ఎవరూ తోలలేదు. పెద్ద ఆవులు తమంతట తామే గాలి వైపు చేరాయి, దూడలు మధ్యలోకి దూరాయి. లేవలేని రెండింటి చుట్టూ మిగతావి పడుకున్నాయి. పదేళ్ల సర్వీసులో అలాంటిది నేను చూడలేదు.

మర్నాడు పొద్దున పొగమంచులో బీడుకు పోయాను. మంద మీద ఆవిరి లేస్తోంది. ఒక్కో ఆవు చెవి ముట్టుకుని చూశాను. చలి తగిలిన పశువుకు ముందు చల్లబడేది చెవే. ఒక్క చెవీ చల్లగా లేదు. ఎముకలు కొరికే ఆ చలిలో నా చేతులు కాచుకోవడానికి కూడా ఆ మందే దిక్కయింది. తాళ్లు విప్పిన నాలుగో రోజుకు పడిపోయిన రెండూ లేచి మేత ముట్టాయి.

రిజిస్టరులో ‘జలుబు, అంటురోగం కాదు’ అని రాశాను. చికిత్స చేసినవారు అన్న గడిలో నా పేరే రాసుకున్నాను. ఆ ఆవు చావుకు కారణం మాత్రం చలి అని రాశాను. అదీ పూర్తి నిజం కాదు. దాన్ని మందకు దూరంగా కట్టింది నేను.

ఆ ఉద్యోగంలో నేర్చుకున్నది ఇది: రోగమొచ్చిన పశువును మంద నుంచి విడదీయాలి, చలి తగిలినదాన్ని మందలో కలపాలి. ఏది ఏదో తేలకముందు తాడు చేత పట్టకూడదు.