అవ్వ పాటలు, అక్క ఫ్లాపీలు

అక్క పోయాక బోధన్ బస్టాండు దగ్గరున్న ఆమె టైపు కొట్టు ఖాళీ చేసి, ఆమె కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చి మూలగదిలో పెట్టాను. నేను టీవీలు, టేప్‌రికార్డర్లు బాగుచేసి బతికేవాణ్ని. ఊరందరి డబ్బాలూ విప్పే నాకు అక్క డబ్బా విప్పడానికి మాత్రం చేతులు రాలేదు. పాతసామాను వాడికి వేసేయమని ఎవరైనా అంటే మీద పడి కొట్టినంత పని చేసేవాణ్ని.

టైపు మిషన్లతో మొదలుపెట్టిన అక్క, తొంభైల మొదట్లో ఎవరో వదిలించుకున్న ఆ కంప్యూటర్‌ను ముచ్చటపడి కొన్నది. దానికి హార్డ్ డిస్కు లేదు. అరచేతి కంటే పెద్దవైన మెత్తటి ఫ్లాపీలు పెట్టే డ్రైవులు రెండు, ఒకదాని కింద ఒకటి ఉండేవి. పైదాంట్లో కంప్యూటర్‌ను లేపే ఫ్లాపీ, కిందిదాంట్లో మనం రాసుకునే ఫ్లాపీ. చెరుకు సీజన్‌లో ఫ్యాక్టరీ పొగగొట్టం మసి ఊరంతా రాలుతుందని, తన పాత చీర చించి దానికి ముసుగు కుట్టింది.

"నాకన్న నీకు గదే ఎక్కువైంది" అని నేనంటే, "నీ లెక్క అది అర్వదు గద" అనేది.

కన్నతల్లిని మేము అవ్వ అనే పిలిచేవాళ్లం. గిరాకీ లేని మధ్యాహ్నాలు అక్క అవ్వను పక్కన కూర్చోబెట్టుకొని బతుకమ్మ పాటలు పాడించుకునేది. మా వాడలో బతుకమ్మ ఆడితే పాట ఎత్తేది అవ్వే, తక్కిన ఆడవాళ్లు అందుకునేవాళ్లు. కొన్ని పాటలు అందరికీ వచ్చినవే. కొన్ని మాత్రం అవ్వ బీడీలు చుడుతూ సొంతంగా కట్టుకున్నవి, వేరెవరికీ రావు. అవ్వకు చదువు లేదు. ఆ కంప్యూటర్‌కు తెలుగు రాదు. అందుకని అక్క ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టుకునేది. అన్నీ అయ్యాక ఒకేసారి అచ్చు తీద్దామనేది.

కామెర్లు వచ్చి అక్క కొద్ది వారాల్లోనే పోయింది. ఏడాది పట్టింపని ఆ సంవత్సరం మా ఇంట్లో బతుకమ్మ పేర్చలేదు. ఆ తర్వాత అవ్వ పేర్చింది గాని, పాట ఎత్తి రెండు వరుసలు దాటలేకపోయింది. మరుసటి ఏడు కూడా అంతే. ఇంకో బతుకమ్మ దగ్గర పడుతుండగా ఒకరోజు నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"పాటలు నోట్లెనె ఆడుతున్నయి బిడ్డ, బయటికి వస్తలేవు. అక్క డబ్బల ఉన్నయి గద. నువ్వు సదువు, నేను అందుకుంట. ఈసారన్న పాడాలె. లేకపోతే నాతోనే పోతయి" అన్నది.

కాదనలేక ముసుగు తీశాను.

పై డ్రైవు సంగతి నాకు తెలిసిన రోగమే. ఫ్లాపీని చదివే హెడ్ జరిగే పట్టాల మీద గ్రీజు గట్టిపడి, అది బిగుసుకుపోయింది. స్పిరిట్‌తో తుడిచి, కుట్టుమిషన్ నూనె వేసి, వేలితో ముందుకూ వెనక్కూ ఆడిస్తే దారికొచ్చింది. కంప్యూటర్‌ను లేపే పాత ఫ్లాపీని నమ్మలేక, కొత్తది ఒకటి నిజామాబాద్‌లో తెలిసినవాళ్ల దగ్గర రాయించుకొచ్చాను. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. సంతోషం పట్టలేక అవ్వను పిలిచి చూపించాను.

తర్వాత కింది డ్రైవు విప్పి బోర్లిస్తే చేతిలో బియ్యం గింజలు రాలాయి. పసుపు బియ్యం.

దసరాకు మేము పనిముట్లకు పూజ చేస్తాం. కత్తెర, తరాజు, సైకిలు, ఏదైనా సరే బొట్టు పెడతాం. అక్క ఉన్నప్పుడు అవ్వ చెయ్యి పట్టుకొని, డబ్బా నెత్తిన మాత్రమే బొట్టు పెట్టించేది. ఫ్లాపీల డబ్బా తెరిచాను. ఈ ఫ్లాపీలకు మధ్యలో ఒక సందు ఉంటుంది. లోపలి గోధుమరంగు రేకు అక్కడ బయటికి కనిపిస్తుంది, చదివేదీ అక్కడే. ఎవరో కవర్లలోంచి ఒక్కొక్కటే తీసి, సరిగ్గా ఆ సందులోనే పెట్టిన కుంకుమ బొట్లు నూనెతో ఎండి గట్టిపడి ఉన్నాయి.

"దసరకు దీనికి పూజ జేసినవా అవ్వ?"

"జేసిన. మీ అక్క ఉంటే జేస్తుండె గద. డబ్బకు జేసిన, బిల్లలకు జేసిన, ఒక్కదాన్ని ఇడ్సిపెట్టలె. దాని నోట్లె ఇన్ని అక్షింతలు వోసిన. ఏమైంది?"

"ఏం లేదు" అన్నాను.

ముక్కు మీద కోపం ఉన్నవాణ్ని. ఆ రోజు కోపం వచ్చింది గాని ఎవరి మీద చూపాలో తెలియలేదు. దూది స్పిరిట్‌లో ముంచి బొట్టు తుడిస్తే, దానితో పాటు రేకు మీది పూత కూడా ఊడి వచ్చేది. డ్రైవులో పెడితే గీరుకున్న చప్పుడు, తెర మీద తప్పు అన్న మాట. ఒకటి తర్వాత ఒకటి అన్నీ అంతే. ఏ ఒక్కటన్నా చదవమని ఆ డబ్బాను బతిమాలుకున్నాను.

ఒక ఫ్లాపీకి మాత్రం బొట్టు పక్కకు జరిగి పైచీటీ మీద పడింది. అది చదివింది. ఉయ్యాలో అన్న మాట తెర నిండా వరుసకొకటి వచ్చింది. "అవ్వా" అని అరిచాను. చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఉరికొచ్చింది. కిందికి జరిపాను. మళ్లీ ఉయ్యాలో. ఇంకా కిందికి. అదే. అప్పుడు అర్థమైంది. ప్రతి వరుసా ఆ మాటతోనే ముగుస్తుంది కాబట్టి, అక్క ముందే దాన్ని పేజీల నిండా కొట్టి ఉంచుకొని, అవ్వ పాడుతుంటే ముందున్న ఖాళీలో పాట నింపేది. ఇది ఇంకా నింపనిది.

"ఏమున్నది బిడ్డ?"

"ఉయ్యాలో అని ఉన్నదవ్వ."

"దానికి ముందట?"

"ముందట ఏం లేదు."

అవ్వ కింద కూర్చొని, బొట్టు తుడిచిన ఫ్లాపీ ఒకటి చేతిలోకి తీసుకుంది. "నా పూజకేమన్న అయిందా?" అని అడిగింది.

"కాదవ్వ. పాతబడ్డయి. ఇవి గిన్నేండ్లే ఉంటయి."

"గట్లనా" అని ఊపిరి వదిలింది. "మనిషే ఉండకపాయె, ఇవెంత."

చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు వాడ ఆడవాళ్లు అవ్వను మధ్యకు లాగారు. నేను అరుగు మీద కూర్చొని ఉన్నాను. పాట ఎత్తమని ఒకామె అడిగింది.

"నా బిడ్డ అన్ని రాసి వెట్టిందమ్మ, గవి పాతబడ్డయట. మా పిలగాడు సూసి చెప్పిండు" అన్నది అవ్వ. ఏ మనాదీ, ఏ దిగులూ లేకుండా అన్నది. అడిగిన వాళ్లందరికీ అదే చెప్పింది.

చివరికి ఒక కొత్త కోడలు పాట ఎత్తింది, అందరికీ వచ్చిందే. అవ్వ ఆమె వెనకాల నిలబడి, చప్పట్లు కొడుతూ ఉయ్యాలో అని అందుకుంది.