మేనేజరు కోసం చేసిన ప్రార్థన

మలేషియాలో, పోర్ట్ క్లాంగ్ రేవు దగ్గర ఓ గోడౌన్‌లో సరుకు ప్యాక్ చేసే పని నాది. పనివేళల్లో ఎవరూ కూర్చోకూడదన్నది అక్కడి రూలు. నా పక్కన పనిచేసే రూతక్క కాళ్లు సాయంత్రానికి బూరెల్లా పొంగేవి. ఆమెకో స్టూలు వేయించమని కొత్త మేనేజర్ని అడిగితే, "రూల్ ఈజ్ రూల్ లా" అని, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే 'లా'తో సహా కసిరాడు. ఇంగ్లీషు, మలయ్ తప్ప అతని నోట ఇంకో భాష వినలేదు మేము.

ఓ మధ్యాహ్నం అన్నం డబ్బాలు ముందు పెట్టుకుని ఆడవాళ్లమంతా కళ్లు మూసుకున్నాం. ప్రార్థన చేయకుండా ముద్ద ఎత్తడం రబ్బరు తోటల్లో పెరిగిన మా తెలుగువాళ్ల ఇళ్లలో లేదు. ఆ రోజు వంతు నాది. కడుపు మండి ఉన్నానేమో, గొంతెత్తి మొదలుపెట్టాను.

"ప్రభువా, ఆ మేనేజరు మనసు రాయైపోనాది. రూతక్క కాళ్లు ఒక్క రోజు ఆడికియ్యి. అప్పుడు తెలుస్తాది."

అందరం "ఆమెన్" అన్నాం. వెనక నుంచి ఒక మగ గొంతు కూడా అంది.

గుమ్మంలో మేనేజరు. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

అతను రూతక్క పాదాల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తడుముకుంటూ తెలుగులో అన్నాడు: "ఇపో ఊళ్లో మా అమ్మమ్మ ఇలాగే మాటాడేది. నాకు వింటే తెలుస్తాది, మాటాడ్డం రాదు లా. స్టూళ్ల కోసం పైవాళ్లని నాను అడుగుతాను."

అడిగాడు. మా వరుసకి స్టూళ్లు వచ్చాయి. మిగతా వరుసల కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

ఇప్పుడు ప్రార్థన మొదలుపెట్టే ముందు ఓసారి గుమ్మం వైపు చూస్తాను. ఒక్కోరోజు అతను అక్కడే తల వంచుకుని నిలబడి ఉంటాడు. అప్పుడు అతని పేరూ కలుపుతాను, ఈసారి మర్యాదగా.