వాలు రోడ్డు మీద నీళ్లు

బొగ్గు గనిలో లారీలు తిరిగే రోడ్లను చూసి, ఎక్కడ ప్రమాదముందో ముందే కనిపెట్టడం ఆమె ఉద్యోగం. ఎప్పుడూ ఎవరి బండినో ఆపుతూ ఉంటుందని డ్రైవర్లు ఆమెకు బ్రేకమ్మ అని పేరు పెట్టారు. అది విని ఆమె కూడా నవ్వేది.

ఒకరోజు డ్రైవరు పక్కన కూర్చుని ఖాళీ లారీలో గనిలోకి దిగుతోంది. వాలు మలుపులో బ్రేకు నొక్కగానే లారీ వెనక భాగం పక్కకు జారింది. అంచున పోసిన మట్టిగట్టు అడ్డుపడబట్టి ఆగింది. డ్రైవరు దిగి చక్రాల కింద చూశాడు.

"బ్రేకులు బాగానే ఉన్నాయి మేడమ్. రోడ్డే తడిసి ముద్దయింది."

దుమ్ము లేవకుండా ఆ రోడ్డును తడిపేది నీళ్ల ట్యాంకరు నడిపే ఆమె మామగారే. తన రోడ్డు మీద చిటికెడు దుమ్ము కూడా లేవదని ఆయన అందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

వాలు మీద లారీలను వెంటనే ఆపించింది. రాత్రి ఇంట్లో భోజనాల దగ్గర ఆ మాట ఎత్తింది.

"మామయ్యా, మలుపు దగ్గర నీళ్లు ఎక్కువవుతున్నాయి. ఇవాళ బండి జారింది."

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఇన్నేళ్లూ జారని బండి నువ్వెక్కగానే జారిందా?"

"ఇంతకుముందు జారినా మీకు చెప్పి ఉండరు. మీరంటే అందరికీ భయం."

"నాకు తప్ప," అంది అత్తగారు.

మర్నాడు ఇద్దరూ ఆ వాలు మీద నడిచారు. ఆయన బింకంగా ముందు నడిచి, మలుపులో కాలు జారి బురదలో చతికిలబడ్డాడు. ఆమె కంగారుగా చెయ్యి అందించింది. ఆయన లేవకుండా, జిగురులా మారిన బొగ్గుపొడిని వేళ్లతో నలిపి చూశాడు.

"మనిషే నిలవలేకపోతే అంత బండి ఎలా ఆగుతుందమ్మా? తడపడం మానేయనా?"

"మానేస్తే దుమ్ములో ముందు బండి కనపడదు మామయ్యా."

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని లేచాడు. "కొంత తడిపి, కొంత పొడిగా వదిలేస్తే? పొడి చోట టైరుకు పట్టు దొరుకుతుంది."

"బాగుంది. మలుపులో మాత్రం అసలు తడపొద్దు."

రోడ్డు ఆరాక ఆయన అలాగే తడిపాడు. ఖాళీ లారీని మెల్లగా దింపి చూస్తే బ్రేకు నొక్కిన చోటే ఆగింది. డ్రైవరు హారన్ మోగిస్తే మామగారు చిన్నపిల్లాడిలా చెయ్యి ఊపాడు.

ఆ సాయంత్రం అత్తగారు ఆయన ప్యాంటు చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఈ బురదేంటండీ?"

"నీ కోడలు రోడ్డు పరీక్ష చేసింది," అన్నాడాయన నడుము పట్టుకుని. "నన్ను పెట్టి!"