నా తుంటి గిన్నె లోతు తక్కువ

స్టేషన్ ఘన్‌పూర్‌లో బస్సు దిగబోతుంటే కుడి గజ్జలో ఏదో పట్టేసింది. కాలు కింద పెట్టలేకపోయాను. రాడ్ పట్టుకుని మెట్టు మీదే ఆగిపోతే, వెనకాల ఎవరో "జర జరుగు కండక్టరక్కా" అన్నారు. కాసేపటికి దానంతటదే వదిలింది. అప్పటికి నాకు ముప్పై కూడా లేవు. రోజంతా నిలబడే ఉద్యోగం కదా, అందుకే అనుకున్నాను.

తర్వాత నొప్పి రోజూ రాసాగింది. కూర్చుని లేస్తే గజ్జలో కలుక్కుమనేది. సాయంత్రానికి కాలు ఈడ్చేదాన్ని. జనగామలో ఒక డాక్టరు నడుం నొప్పి అన్నారు. ఎమ్మారైలో డిస్క్ కొంచెం అరిగిందని బెల్టు ఇచ్చారు. ఫిజియోథెరపీ అయింది. తగ్గలేదు. "కాన్పు తర్వాత ఆడవాళ్లకు మామూలే" అన్నారు ఇంకొకరు. నాకు కాన్పే కాలేదు. ఆ మాటైనా చెప్పకుండా లేచి వచ్చేశాను. అప్పటికే కోపం, బాధ ఏవీ సరిగా అనిపించడం లేదు. మాత్ర వేసుకోవడం, టికెట్లు కొట్టడం, ఇంటికి రావడం. అంతే.

ఏడాది దాటాక వరంగల్‌లో ఒక ఎముకల డాక్టరు నన్ను నడిపించి చూశారు. నిలబెట్టి పెల్విస్ ఎక్స్‌రే తీయించారు.

"తొడ ఎముక తల బంతి లెక్క ఉంటదమ్మా. దాన్ని పట్టుకునే గిన్నె కటి ఎముకలో ఉంటది. అందరి ముఖాలు ఒక్క తీరు ఉండనట్టే ఇదీ ఒక్క తీరుండదు. కొందరిది లోతెక్కువ, కొందరిది వెనక్కి తిరిగి ఉంటది. మీది లోతు తక్కువ. డిస్‌ప్లేసియా అంటం."

"నిలబడుడుతోటి వచ్చిందా సార్?"

"కాదు. చిన్నప్పటి నుంచే గిట్ల ఉండుంటది. మీ ఇంట్ల ఎవరన్నా కుంటుతరా?"

మా యాడి కుంటుతుంది. మేం లంబాడీలం, అమ్మను యాడి అంటాం. గూడూరు దగ్గర తండాలో ఉంటుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఒక పక్కకు ఒరిగే నడుస్తుంది. కట్టెల మోపుతో పడిందని కొందరు, మొక్కు తీర్చలేదని కొందరు అనేవారు.

ఆమెను అదే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మా ఇద్దరి ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టారు. ఒకటే తీరు గిన్నె. యాడిది మాత్రం పూర్తిగా అరిగిపోయింది. ఆమె చాలాసేపు చూసింది.

"గిదేనా? మొక్కు గాదా?"

"కాదవ్వా. ఎముక."

"మరి గిన్నేండ్లు నాకెవ్వలెందుకు చెప్పలే?"

నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. బయట బెంచీ మీద కూర్చుని ఇద్దరం చాయ్ తాగాం.

ఆమెకు కీలు మార్పిడి చెప్పారు. నా కీలు ఇంకా అరగలేదు కాబట్టి హైదరాబాద్‌లో పీఏఓ అనే ఆపరేషన్ చేశారు. గిన్నె చుట్టూ ఎముకను కోసి, బంతిని కప్పేలా తిప్పి, స్క్రూలు బిగించారు. తెలివి వచ్చాక తొడ బయటి వైపు మొద్దుబారి ఉంది. గిల్లినా తెలియలేదు. "కోత దగ్గర నరం నలిగింది, తేరుకోవచ్చు, తేరుకోకపోవచ్చు" అన్నారు. వాకర్ నుంచి కర్రకు వచ్చాక, ఒక చోట ఎముక అతకలేదని మళ్లీ వాకర్ ఇచ్చారు.

ఆ రోజుల్లో యాడి నా దగ్గరే ఉంది. ఒరుగుతూనే నీళ్ల బకెట్ మోసేది.

"నువ్వు కూసో యాడీ" అంటే, "నాకు అలవాటైంది బిడ్డా. నీకు కావద్దు" అనేది.

ఎముక ఆలస్యంగా అతికింది. ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాను. బస్సెక్కడం లేదు, డిపోలో కూర్చునే పని ఇచ్చారు. తొడ మీద ఒక చోట ఇప్పటికీ స్పర్శ లేదు. యాడి ఆపరేషన్‌కు ఇంకా ఒప్పుకోలేదు.

భూపాలపల్లిలో ఉండే మా చెల్లెలికి ఈమధ్య ఆడపిల్ల పుట్టింది. మా సంగతి ముందే చెప్పడంతో పాపకు తుంటి అల్ట్రాసౌండ్ తీశారు. దానిదీ లోతు తక్కువే. కాళ్లు ఎడంగా ఉంచే మెత్తని బెల్టు కొన్ని వారాలు కట్టారు. గిన్నె సరిగా ఎదుగుతోందట. కోత లేదు, స్క్రూ లేదు.

అందుకే ఒక్క మాట. మీ ఇంట్లో ఎవరైనా కుంటుతుంటే, డాక్టరు అడిగేదాకా ఆగకండి. ముందే చెప్పండి.