పళ్లతో విన్న చప్పుడు

నా గొప్ప నేనే చెప్పుకుంటాను, ఇంకొకరు చెప్పేదాకా ఎవరు ఆగుతారు? మెదక్‌లో ముప్పై ఏళ్లుగా ఏ బండి మూలిగినా ముందు నా షెడ్డుకే వచ్చేది. బండి ఇంకా రోడ్డు మలుపులో ఉండగానే, దాంట్లో ఏ గేరు అరిగిందో కూర్చున్నచోటు నుంచే చెప్పేవాణ్ని. రామాయంపేట హైవే మీద లారీలు చూసే మిస్త్రీలు కూడా నన్ను ఉస్తాద్ అనే పిలిచేవారు. అంత చెవి నాది. ఆ చెవే పోయింది.

ఒక్కరోజులో పోలేదు. లోకమంతా దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు మొదలైంది. నేను ఎవరికీ చెప్పలేదు. మా ఇంటికి చర్చి కూతవేటు దూరం. ఒక ఆదివారం ఉదయం బనీను మీద టీ తాగుతూ కూర్చుంటే నా భార్య వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె బడిలో టీచరు, ఆదివారాలు చర్చిలో పాడుతుంది.

"గంట కొట్టి ఎంతసేపాయె, వినలేదా?" అని గట్టిగా అడిగింది.

"విన్న విన్న, వస్తున్న."

"ఇంక కొట్టనే లేదు."

తల కొట్టేసినట్టయింది నాకు. దవాఖానకు పోదాం నడువు అంది. నాకు ఒళ్లు మండింది. "ఊళ్లె తెలిస్తే ఇంకొక్క బండన్న వస్తదా? నోరు మూసుకో!" అని అరిచాను. పాపం, మూసుకుంది. అలా అరిచినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.

ఆ ఆదివారమే ప్రార్థనలో తల వంచి, ముందు బెంచీ చెక్కకు గడ్డం ఆనించాను. ఆర్గన్ మోగడం మొదలుపెట్టింది. నెలల తరబడి నాకు వినిపించని కింది స్వరాలు దవడ ఎముకలోంచి తలలోకి ఎక్కాయి. గడ్డం ఎత్తితే దుప్పటి, ఆనిస్తే పాట. దేవుడి దయ అనుకుని కళ్లు తుడుచుకున్నాను. నాది మట్టిబుర్ర, అంతకు మించి ఆలోచన పోలేదు.

ఆ వారంలోనే పక్క ఊరి పటేల్ తన ట్రాలీ తెచ్చాడు. కూరగాయలు మార్కెట్టుకు తోలే చిన్న నాలుగు చక్రాల బండి. వెనకనుంచి గుయ్యిమని ఒకటే రొదట. రామాయంపేట మిస్త్రీ ఒకాయన, వెనక ఇరుసు మధ్యలో ఉండే గేర్ల పెట్టె, అదే డిఫరెన్షియల్, మొత్తం మార్చాలన్నాడట. పటేల్‌కు నమ్మకం కుదరక ఆ మిస్త్రీని కూడా బండిలో ఎక్కించుకొచ్చాడు.

"జర నువ్వొక్కసారి విను ఉస్తాద్. నువ్వు గదే అంటే మార్పిస్త."

ముగ్గురం క్యాబిన్‌లో ఇరుక్కుని రామాయంపేట రోడ్డు మీదికి పోయాం. నేనే తోలాను. రొద మాట దేవుడెరుగు, ఇంజనే ఎక్కడో పక్క వీధిలో ఉన్నట్టుంది.

"వినవడ్తున్నదా?" అని పటేల్ నా చెవి దగ్గర అరిచాడు.

"ఎందుకు వినవడది!" అన్నాను. మిస్త్రీ నన్ను వారగా చూస్తున్నాడు.

"మరేమంటవ్ ఉస్తాద్? డిఫరెన్షియలే కదా?" అని మిస్త్రీ గట్టిగా అడిగాడు.

అవును అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే ఆ పూటకు గండం గడిచేది. కానీ వినని చప్పుడుకు పేరు పెట్టే పని నేనెన్నడూ చేయలేదు. ఇవాళ చేస్తే రేపటినుంచి అదే చేయాలి. "లేపి చూసి చెప్త" అన్నాను.

షెడ్డులో బండి వెనక భాగం లేపి, కింద స్టాండ్లు పెట్టి, గేరు వేయించాను. చక్రాలు గాలిలో తిరుగుతున్నాయి. నేను కిందికి దూరి, పొడుగు స్క్రూడ్రైవరు మొనను ఇరుసుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాను. నా ముప్పై ఏళ్ల పద్ధతి అది. ఏమీ లేదు. చెమటకు పిడి జారి దవడకు తగిలింది. గర్రుమని ఏదో తలలోకొచ్చింది.

అరె! గడ్డం, బెంచీ, ఆర్గన్!

పిడిని పళ్లమధ్య పెట్టి గట్టిగా కరిచాను. ఇరుసు మధ్యలో మొన పెడితే గేర్లు కుట్టుమిషనులా నున్నగా తిరుగుతున్నాయి. కుడి కొనలో ఏ తేడా లేదు. ఎడమ కొనకు పెట్టాను. అన్నంలో ఇసుక నమిలినట్టు గరగర! ఇంత స్పష్టంగా మంచి చెవులున్న రోజుల్లో కూడా వినలేదు. సంతోషం పట్టలేక పళ్ల మధ్య పిడితోనే నవ్వాను.

"డిఫరెన్షియల్ బంగారం లెక్క ఉన్నది. ఎడమ చక్రం బేరింగు పోయింది" అన్నాను బయటికొచ్చి.

"ఉత్తగనే చెప్తున్నవ్" అన్నాడు మిస్త్రీ.

"ఇప్పి చూడు."

తనే విప్పాడు. గ్రీజు నీళ్లు కలిసి మజ్జిగలా కారింది. బేరింగు తుప్పు పట్టి గుంటలు పడి ఉంది. నేను పటేల్ వైపు తిరిగాను.

"ఏడుపాయల అమ్మవారి గుడికి పోయిండ్రా పటేలా, బండి పూజకు?"

"పోయిన నెలల పోయిన. నీకెట్ల ఎర్క?"

"పూజకు ముందు మంజీర ఏట్ల దింపి కడిగిండ్రు."

"కడగకపోతెట్ల? చక్రాలు మునిగేదాక దింపిన."

"తోలుకపోయిన వేడి మీదనే!"

వేడిగా కాలుతున్న ఇరుసు చల్లటి ఏట్లో పడితే లోపలి గాలి ముడుచుకుంటుంది, సీలు సందుల్లోంచి నీళ్లను గుంజుకుంటుంది. మా దగ్గర భక్తితో బండి పాడుచేసుకునే తీరు ఇదొకటి. "అమ్మవారికి కడిగే చూపెట్టుండ్రి, జర చల్లారినంక దింపుండ్రి" అన్నాను. పటేల్ చెంపలేసుకున్నాడు.

కొత్త బేరింగు వేసి మళ్లీ అదే రోడ్డు మీదికి పోయాం. రొద పోయిందో లేదో నాకేం తెలుసు? పటేల్ ముఖం చూశాను. చెవులదాకా నవ్వుతున్నాడు. పోయిందన్నమాట!

"ఏం చెవి ఉస్తాద్ నీది!" అని భుజం చరిచాడు షెడ్డుకు రాగానే.

మీసం మెలేసి ఊరుకోవచ్చు. కానీ గెలిచినవాడికి దాచుకునే అవసరమేముంది?

"చెవి పోయింది పటేలా. పండ్లతోని విన్న."

ఇద్దరూ నా ముఖంలోకి చూశారు. రామాయంపేట మిస్త్రీ స్క్రూడ్రైవరు తీసుకుని చొక్కాకు తుడిచాడు. నడుస్తున్న ఇంజనుకు మొన ఆనించి పిడిని కరిచాడు. కళ్లు పెద్దవయ్యాయి.

"మరి గిన్నేండ్లు చెవులతోని ఎందుకు తిప్పలు పడ్డం ఉస్తాద్?" అని నాకు వినబడేలా అరిచాడు.

సాయంత్రం ఇంటి గేటు దగ్గరినుంచే కేకేశాను, చుట్టుపక్కల అందరూ వినేలా. "నాకు చెవులు వినవడ్తలేవు! రేపు దవాఖానకు పోదాం నడువు!"

నా భార్య చేతిలో గరిటెతో బయటికొచ్చింది.

"మెల్లగ చెప్పు. చెవుడు నీకు, నాకు కాదు" అంది. ఆ మాట మాత్రం గట్టిగా అంది, నాకు వినబడాలని.